22,500 రూపాయల డెస్క్‌టాప్: కొన్నవారికి, బుక్ చేసినవారికి నా వివరణ

మా దుకాణం కొనుగోలుదారులందరికీ నమస్కారం.

గత దసరాకు మేము ప్రకటించిన 22,500 రూపాయల డెస్క్‌టాప్‌ను తీసుకున్న తొమ్మిది మందికీ, వెయ్యి రూపాయలు అడ్వాన్సు కట్టి ఇప్పటికీ ఎదురుచూస్తున్న ఎనిమిది మందికీ, అదే ధరకు ఇంకా దొరుకుతుందా అని వచ్చి అడుగుతున్నవారికీ ఒకేసారి సమాధానం చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. అడిగిన ఒక్కొక్కరికీ ఫోనులో ఒక్కొక్క ముక్క చెబుతూ వచ్చినందువల్ల ఈ విషయం మీద ఖమ్మంలో ఇప్పటికే మూడు రకాల కథలు తిరుగుతున్నాయి. వాటిలో రెండు నా నోటి నుంచి వచ్చినవే కనుక, సంక్రాంతి హడావిడి తగ్గిన ఈ సమయంలో జరిగినదంతా లెక్కలతో సహా రాస్తున్నాను.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగుస్తుందని తెలిసినప్పటి నుంచి, నాలుగో తరం, ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లు ఉన్న పాత సీపీయూలు పట్టుకుని మా దగ్గరకు వచ్చేవారు పెరిగారు. ఇంటెల్‌లో ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఎనిమిదో తరం నుంచి మాత్రమే విండోస్ 11 అధికారికంగా పనిచేస్తుంది కనుక, వారిలో చాలామందికి కొత్త యంత్రం తప్ప దారి లేదు. డీటీపీ చేసుకునేవారు, ట్యాలీలో లెక్కలు రాసుకునే మిర్చి వ్యాపారులు, పిల్లల చదువు కోసం అడిగే తల్లిదండ్రులు పాతిక వేలు దాటితే వెనక్కి తగ్గుతున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక టోకు వ్యాపారి దగ్గర బేర్‌బోన్స్ కిట్లు తక్కువ ధరకు ఉన్నాయని కబురు వచ్చింది.

బేర్‌బోన్స్ కిట్ అంటే ఒక చిన్న పెట్టె, అందులో బిగించి ఉన్న మదర్‌బోర్డు, బయట పెట్టుకునే 120 వాట్ల అడాప్టర్, అంతే. ప్రాసెసర్, పని నడిచేంతసేపు సమాచారాన్ని పట్టి ఉంచే ర్యామ్, ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ మనమే కొని అమర్చుకోవాలి. పొయ్యీ గిన్నే ఇచ్చి, బియ్యమూ పప్పూ మీరే తెచ్చుకోండి అన్నట్లుగా ఉంటుంది. మామూలుగా 12,000 రూపాయలు దాటే ఆ కిట్టు 5,900కే వస్తుందంటే నేను ఆశ్చర్యపోలేదు. అది ఇంటెల్‌కు పోటీ సంస్థ అయిన ఏఎండీ వారి ఏఎం4 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డు. ఆ సాకెట్ 2016లో మొదలైంది, 2022లో దాని తరువాతి తరం ఏఎం5 వచ్చింది, ఏఎం5 కొత్త తరం డీడీఆర్5 ర్యామ్‌ను మాత్రమే తీసుకుంటుంది. పాత తరం సరుకును గోదాము నుంచి ఖాళీ చేయడానికే ధర తగ్గించారని, మన అవసరాలకు ఆ పాత తరం ఇంకా ఐదారేళ్లు నిక్షేపంగా సరిపోతుందని లెక్క వేసుకుని 22 కిట్లు తీసుకున్నాను. ఆ లెక్క తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. నేను తప్పినది వేరే చోట.

దసరా నాటి నా లెక్క ఇది: కిట్టుకు 5,900, ఆరు కోర్లున్న రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌కు 10,800, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్‌కు 1,650, 500 జీబీ ఎస్ఎస్‌డీకి 2,700, మొత్తం 21,050 రూపాయలు. నా లాభం 1,450 కలుపుకుని 22,500 అని బోర్డు పెట్టాను. పెట్టే ముందు ఒక కిట్టును పరీక్షించిన మాట నిజమే. అయితే ఆ పరీక్షను దుకాణంలో పడి ఉన్న పాత 3200జీ ప్రాసెసర్‌తో, పెట్టె మూత తెరిచి ఉంచి చేశాను. గంటసేపు చక్కగా నడిచింది. ఆ తరువాత బయటపడిన రెండు పెద్ద చిక్కులనూ ఆ పాత ప్రాసెసర్, ఆ తెరిచిన మూత నా కంటపడకుండా దాచిపెట్టాయి.

మొదటిది కూలరు, అంటే ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాను. 5600జీ డబ్బాలోనే దాని కూలరు వస్తుంది కనుక దానికి విడిగా ఖర్చు వేసుకోలేదు. ఆ కూలరు ఎత్తు 54 మిల్లీమీటర్లు. ఈ చిన్న పెట్టెలో ప్రాసెసర్ మీద ఉన్న ఖాళీ 46 మిల్లీమీటర్లు. అమ్మకానికి సిద్ధం చేసిన మొదటి యంత్రానికి మూత బిగించబోతే చిటికెనవేలు దూరేంత సందు మిగిలింది. అప్పటికే ధర బోర్డు పెట్టేశాం, నలుగురు డబ్బు కట్టేశారు. మరుసటి రోజు సికింద్రాబాదు వెళ్లి చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో దుకాణం దుకాణం తిరిగి, ఒక్కొక్కటి 1,350 రూపాయల చొప్పున పొట్టి కూలర్లు తెచ్చాను. డబ్బాతో వచ్చిన అసలు కూలరును కూడా మీ యంత్రంతోపాటే ఇచ్చాం. ఎప్పుడైనా పెద్ద క్యాబినెట్‌కు మారితే పనికొస్తుంది, పారేయకండి.

రెండవది బయోస్, అంటే స్విచ్చి వేయగానే యంత్రాన్ని లేపే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాం. ఈ కిట్లు తయారైన నాటికి 5600జీ ఇంకా మార్కెట్లోకి రాలేదు. అది 2021 ఆగస్టులో వచ్చింది. బోర్డులో ఉన్న పాత బయోస్‌కు ఆ ప్రాసెసర్ ఎవరో తెలియదు. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరుగుతుంది, దీపం వెలుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. కొన్ని పెద్ద బోర్డుల మీద ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ మార్చుకునే ఏర్పాటు ఉంటుంది, ఈ చిన్న బోర్డు మీద లేదు. అందువల్ల ప్రతి కిట్టులోనూ ముందు ఆ పాత 3200జీ పెట్టి, కొత్త బయోస్ ఎక్కించి, దాన్ని తీసి, వేడిని కూలరుకు చేరవేసే పేస్టు తుడిచి, 5600జీ పెట్టి, మళ్లీ కొత్త పేస్టు రాసి కూలరు బిగించవలసి వచ్చింది. ఏఎం4లో కాళ్లు సాకెట్‌కు కాక ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు పట్టేసి ఉండగా కూలరును నిలువుగా లాగితే, ప్రాసెసర్‌ను పట్టి ఉంచే లివరు మూసి ఉన్నా సరే ప్రాసెసర్ దానితోపాటే ఊడి వస్తుంది. ఏడో కిట్టు దగ్గర నాకు అదే జరిగి 3200జీ కాళ్లు మూడు వంగాయి. బ్లేడు అంచుతో, భూతద్దం కింద, అరగంట కూర్చుని సరిచేశాను. వంగినది నా పాత ప్రాసెసర్ కనుక సరిపోయింది, అదే మీ కొత్తదైతే ఆ నష్టం కూడా ఈ లెక్కలో చేరేది.

పదకొండో కిట్టుకు బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది, కానీ దాని బ్యాటరీ పాతబడిందని తెలిసి కూడా మార్చకుండా నెట్టుకొస్తున్నాను. తెర మీద సగం దాకా వచ్చిన గీత అక్కడే ఆగి, యూపీఎస్ రెండుసార్లు అరిచి ఊరుకుంది. ఆ బోర్డు మళ్లీ లేవలేదు. చిప్ లెవెల్ మరమ్మతు చేసేవారికి పంపాను. బాగైతే సంతోషమే, కాకపోతే 5,900 నా నిర్లక్ష్యానికి వేసుకున్న జరిమానా. యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఆ సాయంత్రమే మార్చాను.

ఇంత అవస్థ పడ్డా, తొమ్మిది మందికి దీపావళి లోపల యంత్రాలు అందాయి. కూలరు, చిన్న సెల్లు ఖర్చు పోగా ఒక్కొక్క యంత్రం మీద నాకు మిగిలినది 60 రూపాయలు. సెల్లు సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే మీలో కొందరు దానివల్లే ఇబ్బంది పడ్డారు. ఏళ్ల తరబడి గోదాములో ఉన్నందువల్ల చాలా కిట్లలో తేదీని, బయోస్ అమరికలను నిలిపి ఉంచే సీఆర్2032 సెల్లు అయిపోయింది. మొదటి నాలుగు యంత్రాలను ఆ విషయం గమనించకుండానే ఇచ్చేశాను. మీ–సేవ కేంద్రం నడిపే ఒకాయన పొద్దున్నే ఫోను చేసి, ఏ ప్రభుత్వ వెబ్‌సైటూ తెరుచుకోవడం లేదని, భద్రత లేదని హెచ్చరిక వస్తోందని, వరుసలో జనం నిలబడి ఉన్నారని చెప్పారు. బండి వేసుకుని వెళ్లి చూస్తే యంత్రంలో తేదీ ఆరేళ్ల వెనక ఉంది. రాత్రి ఇంటికి వెళ్తూ ఆయన ప్లగ్గు దగ్గర స్విచ్చి కట్టేస్తారు, సెల్లు లేదు కనుక తెల్లారేసరికి తేదీ వెనక్కి పోతుంది, ఆ పాత తేదీకి వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లవు. 40 రూపాయల సెల్లు మార్చగానే అన్నీ తెరుచుకున్నాయి.

మీలో ఇద్దరు, 8 జీబీ అని చెప్పి 5.9 జీబీ ఇచ్చానని నన్ను గట్టిగానే అడిగారు. ఆ అనుమానం సహజమే. ఇందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు, ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం ర్యామ్ నుంచే తనకు వాటా తీసుకుంటుంది, బయోస్ దానికి 2 జీబీ కేటాయించి పెట్టింది. ట్యాలీకి, ఉత్తరాలకు, ఇంటర్నెట్‌కు 512 ఎంబీ చాలు. ఆ మేరకు తగ్గిస్తే వాడుకోవడానికి ఏడున్నర జీబీ దాకా మిగులుతుంది. ఇచ్చేముందే నేను చేయవలసిన పని అది. సెల్లు అయిపోయిన యంత్రాల్లో ఈ అమరిక కూడా చెరిగిపోతుంది కనుక రెండూ కలిపి సరిచేస్తాను.

ఇక ఎనిమిది మంది బుకింగుల సంగతి. అన్నిటికన్నా పెద్ద తప్పు నేను ఇక్కడే చేశాను. కిట్లు, ప్రాసెసర్లు 22 చొప్పున కొన్నవాణ్ని, ర్యామ్‌లు, ఎస్ఎస్‌డీలు మాత్రం పదేసి కొన్నాను. పండగ గిరాకీ తగ్గాక ర్యామ్ ధర వంద, రెండు వందలు దిగుతుందని నా ఇన్నేళ్ల అనుభవం చెప్పింది. ఈసారి అనుభవం నన్ను ముంచింది. ఏఐ డేటా సెంటర్ల కోసం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ తయారీ సామర్థ్యాన్ని ఎక్కువ లాభమిచ్చే సర్వర్ మెమరీ వైపు మళ్లించడంతో మామూలు ర్యామ్ కరువైంది. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ క్రూషియల్ పేరుతో మనలాంటివారికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. 1,650 రూపాయల ర్యామ్‌కు ఈ వారం నన్ను 4,900 అడిగారు. 2,700 ఎస్ఎస్‌డీ 4,600 అయింది. ఈ రోజు అదే యంత్రం తయారు చేయడానికి నాకు పడే ఖర్చు 27,590 రూపాయలు.

పెరిగినదంతా మీ మీద వేయడం న్యాయం కాదు, అంతా నేను మోయగలనని చెబితే అబద్ధమవుతుంది. కూలరు, సెల్లు, బయోస్ పని పూర్తిగా నా ఖాతాలోనివి. ర్యామ్, ఎస్ఎస్‌డీల మీద పెరిగిన 5,150 రూపాయల్లో సగం మీరు భరించగలిగితే యంత్రాన్ని 25,000కు ఇస్తాను. నాకు ఒక్కొక్కదాని మీద 2,590 నష్టం, మాట ఇచ్చినందుకు అది సరే. పాడైన లాప్‌టాప్ మీ ఇంట్లో ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసుకురండి. ఈ కిట్టులో పట్టేది లాప్‌టాప్ ర్యామే. అందులో ఉన్నది డీడీఆర్4 అయితే తీసి, పరీక్షించి, ఇందులో పెడతాను, అప్పుడు పాత 22,500లో ర్యామ్‌కు వేసిన 1,650 తీసేసి మీరు కట్టవలసినది 20,850 మాత్రమే. ఈ రెండూ వద్దనుకుంటే మీ వెయ్యి రూపాయలు వెంటనే తిరిగి ఇస్తాను, కారణం అడగను.

మిగిలిన నాలుగు కిట్లను ఎవరికీ అమ్మదలచుకోలేదు. నేను మీకు ఒక సంవత్సరం హామీ ఇచ్చాను. కిట్లు ఇచ్చిన వ్యాపారి బిల్లులో చిన్న అక్షరాలతో ఉన్నది మూడు నెలలు. ప్రాసెసర్‌కు తయారీ సంస్థ ఇచ్చే మూడేళ్ల హామీ ఎలాగూ ఉంటుంది, బోర్డుకూ అడాప్టర్‌కూ నేనే జవాబుదారీని కనుక ఆ నాలుగింటినీ మీకు అవసరమైతే మార్చి ఇవ్వడానికి అట్టిపెడుతున్నాను. కొత్తగా అడుగుతున్నవారికి నా సలహా ఏమిటంటే, ర్యామ్ లేని కిట్టు ఎంత చౌకగా వచ్చినా ఈ రోజుల్లో దాని జోలికి వెళ్లవద్దు. కంపెనీలు వాడి అమ్మేసిన ఎనిమిదో తరం ఆఫీసు డెస్క్‌టాప్ ర్యామ్‌తో సహా దొరికితే అదే మేలు, దాని మీద నాకు వచ్చేది తక్కువే అయినా.

ముందే చెప్పి ఉండవలసిన మరికొన్ని విషయాలు ఉన్నాయి. ఆ 22,500లో విండోస్ లైసెన్సు లేదు. కొన్ని వందల రూపాయలకు దొరికే విండోస్ కీలను నేను అమ్మను. లైసెన్సు కొనుక్కోవచ్చు, లేదా ఉబుంటు ఉచితంగా ఎక్కించి ఇస్తాను, అయితే పేజ్‌మేకర్, అను ఫాంట్లతో పనిచేసే డీటీపీ మిత్రులకు ఉబుంటు కుదరదు. వైఫై లేదు, 450 రూపాయల యూఎస్‌బీ ముక్క పెట్టుకోవాలి. పాత మానిటర్లకు వీజీఏ ఉంది గాని, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు కావలసిన ప్యారలల్ పోర్టు లేదు, మార్పిడి కేబుల్ పెట్టినా డాస్ బిల్లింగు సాఫ్ట్‌వేర్లలో కొన్ని దానితో సరిగా పనిచేయవు. మిర్చి యార్డులో దుకాణాలున్నవారు ఇది చూసుకుని నిర్ణయించుకోండి. మంచి మాట కూడా ఒకటి చెప్పనివ్వండి: ఏ పనీ లేనప్పుడు ఈ యంత్రం 20 వాట్ల లోపే తీసుకుంటోందని మీటరు పెట్టి చూశాను, ఇంట్లో ఉండే చిన్న యూపీఎస్ మీద పాత సీపీయూ కంటే చాలాసేపు నిలుస్తుంది.

యంత్రం తీసుకున్న తొమ్మిది మందీ ఈ నెలాఖరు లోపల ఏ రోజైనా, ఆదివారం అయితే మధ్యాహ్నం ఒంటిగంట లోపల, పెట్టెను, దాని అడాప్టర్‌ను తీసుకురండి. మానిటరు, కీబోర్డు అక్కర్లేదు. సెల్లు, ర్యామ్ కేటాయింపు చూసి అరగంటలో ఇచ్చేస్తాను, డబ్బు తీసుకోను. బిల్లు కూడా తెస్తే, దాని మీద బోర్డు, అడాప్టర్ హామీ ఒక సంవత్సరమని స్పష్టంగా రాసి సంతకం చేసి ఇస్తాను.