మంత్రి గారూ, ఆ మూత కింద గుంత లేదు

గౌరవనీయులైన పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా వాడ మరుగుదొడ్లకు తవ్వని రెండో గుంతల గురించి ప్రజావాణిలో ఇచ్చిన దరఖాస్తులన్నిటికీ రసీదులైతే వచ్చాయి, మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు. అందుకే పదిమందీ చదివేలా ఇలా రాస్తున్నాను.

స్వచ్ఛ భారత్ కింద సర్కారిచ్చే 12 వేల మరుగుదొడ్డికి రెండు గుంతలుండాలని మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకటి నిండితే, రెండు గుంతలకూ దారి చీలే చాంబర్‌లో అడ్డం మార్చి రెండోది వాడుకోవాలి, మూసిన గుంతలోది ఏడాదిన్నర, రెండేళ్లకు ఎరువవ్వాలి. మా వాడలో కాంట్రాక్టర్ తవ్వింది ఒక్కటే. రెండోదానికి ఏం చేశాడంటే, చదును నేల మీద సిమెంటు మూత పరిచి, చుట్టూ కాస్త మట్టి ఎగదోసి, ఇంటావిడను పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. బిల్లు పాసైంది. ఆ మూత మీద ఇప్పుడు మా పక్కింటి పెద్దమ్మ బట్టలు ఉతుక్కుంటోంది. అందుకైనా పనికొచ్చింది, సంతోషం.

ఉన్న ఒక్క గుంతా నిండింది. వానలు పడితే బేసిన్‌లో నీళ్లు దిగవు సరికదా, పైకి తన్నుకొస్తాయి. టౌన్ నుంచి ట్యాంకర్ పిలిస్తే 3 వేలు. అదీ మా గల్లీలోకి రాదు, పైపు అందదు. అందిన ఇళ్లలోది లాగి, చీకటి పడ్డాక చెరువు కాలువలో వదిలిపోతాడు. ఆ నీళ్లే మా బర్లు తాగాలి. కూలి ఇచ్చి మనిషిని దింపుదామంటే, మనుషులతో మలం ఎత్తించొద్దన్న 2013 చట్టం ఒప్పదు, మాకూ మనసొప్పదు. చివరికి ఆడవాళ్లు మళ్లీ తెల్లారకముందే చెంబు పట్టుకుని తుమ్మల వైపు పోతున్నారు, అదీ 'బహిరంగ మలవిసర్జన రహిత గ్రామం' బోర్డు పక్కనుంచే. ఆ బోర్డుకు మాత్రం ఈ మధ్యే కొత్త రంగు వేశారు.

2017లో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మన వరంగల్ దగ్గరి గంగదేవిపల్లికి వచ్చి, స్వయంగా గుంతలోకి దిగి ఎరువు తోడారు. అంతటివారు మా ఊరికొస్తే ఏ గుంతలో దిగుతారు సార్?

ఒంటి గుంతలను రెండుగా మారుస్తామని 2022లో కేంద్రం ఒక అభియాన్ పెట్టింది. మండలంలో అడిగితే, సొంత ఖర్చుతో తవ్వుకోమన్నారు. కాగితం మీద ఒకసారి తవ్వేసిన గుంతకు మేమెందుకు పెట్టాలి? రెండో గుంత తవ్వించండి. జాగా లేని ఇళ్లకు ఏం చేస్తారో చెప్పండి. ట్యాంకర్ ఎక్కడ పోయాలో చూపించండి. వానలు పడకముందే ఆ రెండో గుంత తవ్వించండి సార్, మీకు దండం పెడతాం.

తనిఖీకి ఎవరినైనా పంపితే ఆ ఫొటోలు వాళ్ల చేతికిచ్చి పంపండి. గడ్డపార మా దగ్గరుంది, మూతలు మేమే ఎత్తి చూపిస్తాం.

ఇట్లు,
ఒంటి గుంత లబ్ధిదారుడు