మా బాబుకు అండగా నిలిచిన ప్లే థెరపిస్టు గారికి కృతజ్ఞతలు

మా ఏడేళ్ల బాబు మళ్లీ బడికి వెళ్లి, తోటి పిల్లల మధ్య కుదురుగా కూర్చుని, సాయంత్రం ఇంటికి వచ్చాక ఆ రోజు సంగతులు తనంతట తానే చెప్పే స్థితికి చేరుకున్నాడు. అందుకు కారణమైన ప్లే థెరపిస్టు (ఆటల ద్వారా పిల్లల మనసుకు చికిత్స చేసేవారు) గారికి, ఆమెతో పాటు మాకు తోడుగా నిలిచిన వారికి నలుగురి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవడం మా ధర్మమని భావించి ఇది రాస్తున్నాను. పేర్లు బయటపెట్టవద్దని ఆమె కోరినందున రాయడం లేదు.

మా వారికి రోడ్డు ప్రమాదం జరిగి చాలా రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినప్పుడు బాబు అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నాడు. కాలిలో రాడ్డుతో, చేతికర్రతో నాన్న ఇంటికి వచ్చిన తరువాత వాడిలో మార్పు మొదలైంది. తోటి పిల్లలను కొరకడం, నోటు పుస్తకాలు చింపడం, రాత్రిపూట పక్క తడపడం, సైరన్ వినిపిస్తే మంచం కిందికి దూరడం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఏమైందని ఎవరు ఎంత బుజ్జగించి అడిగినా పెదవి విప్పలేదు. పిల్లల డాక్టరు గారు అన్ని పరీక్షలూ చేయించి, శారీరకంగా లోపమేమీ లేదని తేల్చి, మమ్మల్ని ఈ థెరపిస్టు గారి వద్దకు పంపారు. ఆయనకు మా నమస్కారాలు.

మూడు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలు మనసులోని భయాన్ని, కోపాన్ని మాటల్లో చెప్పలేకపోయినా ఆటలో చూపగలరని, అమెరికా మనస్తత్వవేత్త వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో వివరించిన పద్ధతిలో దారి చూపేది పిల్లవాడేనని, పెద్దవారు తొందరపెట్టకుండా వెంట నడుస్తారని ఆమె మొదటిరోజే మాకు విడమరచి చెప్పారు. ఆమె ఆట గదిలో ఇసుక తొట్టి, మట్టి ముద్దలు, కుటుంబం బొమ్మలు, డాక్టరు పెట్టె, సైనికుల బొమ్మలు, రబ్బరు కత్తి ఉండేవి కానీ, బ్యాటరీతో నడిచే బొమ్మ ఒక్కటీ లేదు. బొమ్మే అంతా ఆడేస్తే పిల్లవాడికి చేయడానికి ఏమీ మిగలదన్నది ఆమె అభిప్రాయం. లోపల బాబు ఏమి ఆడాడో మాకు పూసగుచ్చినట్టు చెప్పేవారు కాదు. అది వాడి సొంతమని, వాడి భయం ఎలా తగ్గుతున్నదో మాత్రం మాకు తెలియాలని అనేవారు. ఒక బిడ్డ అంతరంగానికి అంత మర్యాద ఇచ్చినవారిని నేను అంతకుముందు చూడలేదు.

ఆ స్వేచ్ఛకు హద్దులూ ఉన్నాయి. బాబు చెక్క దిమ్మె ఎత్తి మీదికి వచ్చినప్పుడు ఆమె అరవలేదు, చేయి పట్టి లాగలేదు. "నీకు చాలా కోపంగా ఉంది. నన్ను కొట్టకూడదు. కావాలంటే ఆ దిండును కొట్టవచ్చు" అన్నారట. కోపాన్ని ముందుగా గుర్తించడం, తరువాత హద్దు చెప్పడం, ఆపైన మరో దారి చూపడం అనే ఈ వరుసను మాకూ నేర్పారు. ఇంట్లో ఇది మాకు ఎంతగా పనికివచ్చిందో చెప్పలేను.

అన్నిటికన్నా ఎక్కువగా రుణపడి ఉన్నది తల్లిదండ్రులమైన మాకు ఇచ్చిన శిక్షణకు. 1960లలో బెర్నార్డ్ గెర్నీ, లూయీస్ గెర్నీ దంపతులు రూపొందించిన ఈ పద్ధతిలో థెరపిస్టు పర్యవేక్షణలో అమ్మానాన్నలే బిడ్డతో ఆడతారు. ఒకసారి ఆమె మూలన కూర్చుని చూస్తుండగా, బాబు ఒక తెల్ల బండిని ఇసుకలో పూడ్చి, పైన అరచేతితో గట్టిగా అదిమి, మళ్లీ తవ్వి తీసి, మళ్లీ పూడ్చాడు. వాడు పేరు పెట్టే వరకు దానిని నేను అంబులెన్సు అనకూడదు, ఎందుకని అడగకూడదు. "అది ఎవరికీ కనిపించకుండా లోపలికి వెళ్లింది" అని మాత్రం అన్నాను. వాడు కాసేపు కదలకుండా ఉండి, "నాన్న లోపల ఉన్నాడు, ఊపిరి ఆడుతుందా?" అన్నాడు. ప్రమాదం గురించి వాడి నోట వచ్చిన మొదటి మాట అదే. తరువాత మా వారు వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, బండిలో ఆక్సిజన్ పెట్టారని, నర్సు పక్కనే ఉందని నిదానంగా చెప్పగలిగారు. ఏమి చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో కూడా ఆమే మాకు సూచించారు.

వారానికి ఒక అరగంట, ఫోను పక్కన పెట్టి, ఆ సమయానికే కేటాయించిన బొమ్మల పెట్టెతో ఇంట్లో ఆడటం ఇప్పటికీ కొనసాగుతోంది. ఆ అరగంటలో ఎవరినీ గదిలోకి రానివ్వకుండా గుమ్మం వద్ద కూర్చునే మా అత్తయ్యగారికి, బాబును బెంచీ చివర ఒంటరిగా కూర్చోబెట్టకుండా తన బల్ల పక్కన చోటిచ్చిన క్లాసు టీచరు గారికి, థెరపిస్టు గారి ఆట గదిలో ప్రతి ఆట తరువాత బొమ్మలన్నీ కడిగి వాటి వాటి చోట్ల సర్దిన ఆయమ్మకు పేరుపేరునా ధన్యవాదాలు. వచ్చిన ప్రతిసారీ తన బొమ్మ తన చోటనే ఉండటం బాబుకు కొండంత ధైర్యం.

ఇటువంటి ఇబ్బందిలో ఉన్న తల్లిదండ్రులు ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే సలహా తీసుకోవచ్చు. మా కుటుంబం తరఫున థెరపిస్టు గారి కేంద్రానికి కొత్త ఇసుక తొట్టి, రెండు డాక్టరు పెట్టెలు అందజేస్తున్నాము. థెరపిస్టు గారు దయచేసి స్వీకరించవలసిందిగా ప్రార్థన.