పాప ఎముకల గురించి నువ్వు అడిగిన మాటకు జవాబు

ప్రియమైన మిత్రమా,

ఆస్టియోజెనెసిస్ ఇంపర్ఫెక్టా అనే పెళుసు ఎముకల జబ్బున్న మన పాపకు మూలకణాలు, అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాలు, ఎక్కిస్తే ఎముకలు గట్టిపడతాయా అని అడిగావు. నిన్ను ఊరడించడానికి రెండు ముక్కలు రాసి ఊరుకోవడానికి మనసొప్పక, నాకు తెలిసినదంతా ఉన్నదున్నట్టు చెప్పాలని కూర్చున్నాను.

మొన్న మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు పాపకు గుడ్డ మార్చడం చూశాను. మడమలు పట్టి కాళ్లు పైకెత్తకుండా, పిరుదుల కింద అరచేయి జొనిపి, వేళ్లు వెడల్పుగా చాపి నడుమును మెల్లగా లేపావు. అంత జాగ్రత్త ఎందుకు అవసరమైందో నువ్వు పంపిన జన్యు పరీక్ష కాగితంలోనే ఉంది: కొల్లాజెన్ అనే ప్రొటీన్ తయారీకి కావలసిన సీఓఎల్1ఏ1 జన్యువులో లోపం వల్ల, ఆ ప్రొటీన్‌లో ఒకచోట గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌కు ఇటుక వంటిది) బదులు మరొకటి వచ్చింది. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ మూడు పోగులు పేనిన తాడు వంటిది. ఆ పేనికలో ప్రతి మూడో స్థానం తాడు నడుమకు వస్తుంది. అక్కడ అన్నిటికన్నా చిన్నదైన గ్లైసిన్ మాత్రమే ఇముడుతుంది. మూడు పోగుల్లో రెండు ఈ జన్యువు నుంచే వస్తాయి కనుక, పాపకున్న రెండు ప్రతుల్లో ఒకటి మంచిదే అయినా, తయారయ్యే తాళ్లలో దాదాపు ముప్పావు వంతు వాటిలో ఒక చెడ్డ పోగైనా చేరుతుంది. అసలు ఒక ప్రతి పూర్తిగా పనిచేయకుండా పోయి కొల్లాజెన్ సగమే తయారయ్యే పిల్లల్లో జబ్బు తేలికగా ఉండేది అందుకే. మంచి జన్యువును అదనంగా చేర్చినంత మాత్రాన మన పాపకు సరిపోదు, చెడ్డదాని నోరు మూయించాలి. 2004లో కొందరు శాస్త్రవేత్తలు ఇదే జబ్బున్నవారి మూలకణాలలో చెడ్డ ప్రతిని ఒక వైరస్ సాయంతో చెరిపివేసి, ఆ కణాలు సరైన కొల్లాజెన్ తయారు చేస్తాయని చూపారు. ప్రయోగశాలలో సాధ్యమైన ఆ పని పిల్లల ఒంట్లోని ఎముకలన్నిటిలో జరగడం ఇంకా చాలా దూరం.

ఇక మూలకణాల సంగతి. 1999లో అమెరికాలో ఈ జబ్బున్న ముగ్గురు పిల్లలకు దాతల ఎముక మజ్జను, అంటే ఎముకల లోపల మూలకణాలుండే మెత్తటి పదార్థాన్ని, ఎక్కించి మజ్జ మార్పిడి చేశారు. మొదటి నెలల్లో వాళ్ల ఎదుగుదల పుంజుకుంది కానీ, ఆ వేగం తర్వాత తగ్గింది. ఎముక కట్టే కణాల్లో దాతవి నూటికి ఒకటో రెండో మాత్రమే నిలిచాయి. ఆస్టియోపెట్రోసిస్ అనే మరో వంశపారంపర్య ఎముకల జబ్బుతో పోల్చితే దీని కారణం తెలుస్తుంది. ఆ జబ్బులో పాత ఎముకను కరిగించే కణాలు పనిచేయవు, ఎముక పేరుకుపోయి మజ్జకు చోటుండదు. 1980లో ఒక పసిపాపకు ఆమె అన్న మజ్జ ఎక్కించి చూస్తే, ఎముక కరిగించే కణాలు అన్నవిగా మారాయి, ఎముక కట్టేవి మాత్రం పాపవిగానే ఉండిపోయాయి. కరిగించే కణాలు రక్తపు మూలకణాల నుంచి పుడతాయి కనుక మార్పిడి ఆ జబ్బుకు మందైంది. మన పాపకు కావలసినవి కట్టే కణాలు. అవి సూదితో ఎక్కిస్తే ఎముకలో సులభంగా పాతుకోవు.

అయినా నేను ఆశ వదులుకోలేదు. ఒంట్లోని కణాల్లో కొంత భాగంలో మాత్రమే ఈ లోపమున్న తల్లిదండ్రులు జబ్బు లక్షణాలేవీ లేకుండా ఉండటం వైద్యులు చూశారు. అంటే కణాలన్నీ మారనక్కరలేదు; ఎన్నో కొన్ని నిలబడితే చాలు. గర్భంలోని శిశువుకే మూలకణాలు ఇచ్చే ప్రయత్నాలు స్వీడన్‌లో జరిగాయి.

మూలకణాలు ఎక్కిస్తామంటూ ఒక క్లినిక్ ఇచ్చిన ప్రకటన కాగితం నాకు పంపావు కదా, ఆ క్లినిక్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఎవరి కణాలు ఇస్తారో, ఎముకలో ఎన్ని నిలిచాయని కొలిచారో, అది నమోదైన వైద్య ప్రయోగమా కాదా, ఈ మాటలేవీ అందులో లేవు. డబ్బు వివరం మాత్రం స్పష్టంగా ఉంది. పాపకు ఇప్పుడు ఎక్కిస్తున్న బిస్‌ఫాస్ఫొనేట్ అనే మందు కొల్లాజెన్‌ను సరిచేయదు గానీ, ఎముక అరుగుదలను తగ్గిస్తుంది. దాన్ని ఈ ప్రకటన చూసి ఆపవద్దు. వాళ్లకు డబ్బు కట్టకముందు పై మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడుగు, జవాబు వస్తే నాకు పంపు. వచ్చే నెల పాపను వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లేటప్పుడు నేనూ వస్తాను.

నీ మిత్రుడు