మన బళ్ళలో వేడి, గాలి: సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం ఎక్కువగా ఒకే పని మీద తిరిగింది. ఏసీ, ప్లంబింగ్, కరెంటు పనులకు మనం తిప్పే వ్యాన్లలో ఎండాకాలం వేడి తగ్గించడమే ఆ పని. విజయవాడ ఎండ గురించి మీకు నేను చెప్పేదేముంది! రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఊళ్ళో, మూసిన బండిని ఎండలో ఆపితే గంటలోపే లోపల బయటికన్నా 20 డిగ్రీలు పైన ఉంటుంది. అద్దం రెండు వేళ్ళు దించినా పెద్దగా తేడా రాదు.

మన సభ్యుడొకరు పటమటలో ఒక ఇంటి ముందు బండి ఆపి, పని ముగించుకొచ్చి వెనక తలుపు తీశారు. పైపులు అతికించే పీవీసీ సొల్యూషన్ డబ్బా మూత ఉబ్బి ఉంది. పక్కన ఏసీ గ్యాస్ సిలిండరు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ఆ సిలిండర్ల వేడి 52 డిగ్రీలు దాటకూడదు. లోపల దూరి సామాను వెతుకుతుండగానే ఆయనకు కళ్ళు తిరిగాయి. నీడన కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిన ఆ ఇంటి అమ్మగారికి సంఘం తరఫున కృతజ్ఞతలు.

మొదట మేం పొరపాటు చేశాం. ఆటోనగర్‌లో ఆ బండి టాపుకు గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ బిగించాం. బండి ఆగితే వేడి వేడిగానే ఉంది. పైనుంచి గాలి పోవాలంటే కిందనుంచి రావాలి, ఆ దారే లేదు. తర్వాత వెనక తలుపు అడుగున జాలి కోయించి, వాన పడకుండా రేకు రెక్కలు వేయించి, పైన 12 వోల్టుల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాం. సామానంతా దించేసి జాలి దగ్గర అగరుబత్తి పట్టుకుంటే పొగ గీత గీసినట్టు లోపలికి పోయింది. ఆ రోజు అక్కడున్న వాళ్ళందరి ముఖాలూ వెలిగాయి.

అడుగున జాలి ఇంకొకందుకూ అవసరం. బండిలో వంటగ్యాస్ సిలిండరు ఉంటే, ఆ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేల మీదే పేరుకుంటుంది. వాసన వస్తే మాత్రం ఫ్యాను స్విచ్ ముట్టుకోకండి, తలుపులు తీసి దూరం జరగండి.

ఫ్యాను ఎంత తిరిగినా బయట 44 ఉంటే లోపల అంతకు తగ్గదు. ఎండ వేడిని లోపలికి దిగనివ్వకపోవడమే మిగిలిన ఉపాయం. టాపుకు తెల్ల పెయింటు వేయించండి. లోపల రేకుకు అంటకుండా కాస్త సందు వదిలి వెండి ఫాయిల్ కట్టండి. థర్మోకోల్ వద్దు, నిప్పు అంటుకుంటుంది. 3 ఆంపియర్ల ఫ్యాను పది గంటలు తిరిగితే బ్యాటరీలోంచి 30 ఆంపియర్ అవర్ల ఛార్జి పోతుంది, సాయంత్రం బండి స్టార్టవదు. టైమరు పెట్టుకోండి, ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి.

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది. 3.5 టన్నుల లోపు మన బళ్ళకు ఆ నిబంధన వర్తించదు. ఎండ బండి బరువు చూసి కాయదు కదా. ఈ విషయంపై వినతిపత్రం సిద్ధం చేస్తున్నాం.

లైసెన్సు రెన్యువల్ సాయం ఎప్పటిలాగే సాగింది. జమాఖర్చులు విడిగా జతచేశాం.

శివరాత్రి దాటాక వచ్చే తొలి రెండు ఆదివారాలు జాలీలు బిగించే పని పెట్టుకున్నాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు కాబట్టి, టాపు గానీ తలుపు గానీ కోసే ముందు రవాణా కార్యాలయంలో అడగాలి. వచ్చేటప్పుడు ఆర్సీ జిరాక్సు తెచ్చుకోండి. బండి ఖాళీ చేసుకుని రండి.

ఇట్లు,
కార్యదర్శి