ఇన్‌స్టాల్ ఫెస్ట్ జమా ఖర్చుల వివరణ

కొత్తవాళ్ల కంప్యూటర్లలో విండోస్ పక్కనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్‌ను ఎక్కించిపెట్టే శిబిరమే ఇన్‌స్టాల్ ఫెస్ట్. మొత్తం జమను 100గా తీసుకుని లెక్క చెబుతున్నాం. ఇందులో 72 చందాలు, 28 పోయినసారి నిల్వ. కంప్యూటర్ తెచ్చుకున్న కొత్తవాళ్ల దగ్గర ఏమీ తీసుకోలేదు. సాఫ్ట్‌వేర్ పద్దు సున్నా.

అన్నిటికన్నా పెద్ద పద్దు కరెంటు, నెట్‌వర్క్ సామానుది: 31. కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే 24 పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ ఒకటి, కేబుళ్లు 20, ఎక్స్‌టెన్షన్ బోర్డులు 6 కొన్నాం. ఇంత ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇది. లైనక్స్‌కు జాగా చేయడానికి పార్టిషన్ (డిస్కులోని భాగం) సైజు మారుస్తుండగా కరెంటు పోతే లోపలి డేటా పోవచ్చు. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీని నమ్ముకోలేం. 65 వాట్ల ఛార్జర్లు 20 పెడితే 1300 వాట్లు. అందుకే లోడును మూడు లైన్లకు పంచాం. ఇక అందరూ వైఫై మీదే అప్‌డేట్లు దించుకుంటే ఏ ఒక్కరి పనీ ముందుకు సాగదు. ఒక పాత డెస్క్‌టాప్‌లో దించిన ప్యాకేజీలను దాచి ఉంచే ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ ప్రోగ్రామ్ నడిపాం. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాల ప్యాకేజీ ఏదైనా బయటినుంచి ఒక్కసారి దిగితే చాలు, తర్వాతివాళ్లకు స్విచ్ మీదుగానే అందుతుంది.

బ్యాకప్ కోసం 1 టీబీ ఎస్‌ఎస్‌డీలు రెండు: 24. ఇందులో బేరం లేదు. బ్యాకప్ తీయని యంత్రాన్ని ముట్టుకోకూడదు. డిస్కులను ఎన్‌క్రిప్ట్ చేసి వాడాం. యజమాని తన ఫైళ్లు తెరిచి చూసుకున్నాక, ఎదుటే తుడిచేశాం.

32 జీబీ పెన్‌డ్రైవ్‌లు 12: ఖర్చు 15. కొనగానే, అసలు జాగా ఎంతుందో తేల్చే ఎఫ్3 ప్రోగ్రామ్‌తో పరీక్షించాం. పైన 32 అని రాసి లోపల అంత జాగా లేనివి రెండు తేలాయి. వాటిని మార్పించుకున్నాం, అదనపు ఖర్చు కాలేదు. ఇలాంటి డ్రైవ్‌లో ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైలు) కాపీ అయినట్టే కనిపిస్తుంది, ఇన్‌స్టాల్ సగంలో చదవలేక ఆగిపోతుంది. ప్రతి ఐఎస్‌ఓకూ ఎస్‌హెచ్‌ఏ256 (ఫైలు చెడలేదని తేల్చే సంఖ్య) సరిచూశాకే వెంటాయ్ (ఐఎస్‌ఓల నుంచి నేరుగా బూట్ చేయించే ప్రోగ్రామ్) ఉన్న డ్రైవ్‌లోకి ఎక్కించాం.

హాలు అద్దె 8. యూఎస్‌బీ వైఫై అడాప్టర్లు రెండు, మదర్‌బోర్డు గడియారానికి వాడే సీఆర్2032 సెల్లులు ఐదు కలిపి 3. కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు వైఫై డ్రైవర్ దించుకోవడానికే నెట్ కావాలి, అడాప్టర్లు అందుకు.

ప్రింటింగ్‌కు 5. చిన్న పద్దే గానీ, మా దృష్టిలో దీనికి దక్కినంత ఫలితం మరి దేనికీ దక్కలేదు. ముందుగానే పంచిన ఆ కాగితంలో ఉన్నవి: బిట్‌లాకర్ (విండోస్ డిస్కు తాళం) రికవరీ కీ రాసి తెచ్చుకోండి, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న వ్యవస్థనే బూట్ కానిచ్చే సెట్టింగ్) మారిస్తే విండోస్ అది అడగవచ్చు. ఫాస్ట్ స్టార్టప్ ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేయండి, లేకపోతే విండోస్ పార్టిషన్ నిద్రలోనే ఉండి సైజు మార్చనివ్వదు. ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనబడకపోతే ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ (బయోస్‌లోని డిస్కు సెట్టింగ్) ఆన్‌లో ఉందేమో చూడండి. విండోస్‌ను సేఫ్ మోడ్‌కు సిద్ధం చేయకుండా నేరుగా ఏహెచ్‌సీఐకి (లైనక్స్‌కు డిస్కు కనబడే మామూలు పద్ధతి) మార్చేస్తే అది బూట్ కాకపోవచ్చు.

మొత్తం ఖర్చు 86, నిల్వ 14. సన్నటి ల్యాప్‌టాప్‌లకు ల్యాన్ పోర్టు ఉండటం లేదు కాబట్టి, ఈ నిల్వతో యూఎస్‌బీ-సీ ఈథర్‌నెట్ అడాప్టర్లు కొనాలని తీర్మానించాం. రసీదులు, ఓచర్లు కోశాధికారి దగ్గర ఉన్నాయి, చందా ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరైనా చూడవచ్చు.