పట్టికల పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం

సంపాదకులకు నమస్కారం.

బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాల్లోని కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో డేటాబేస్ పాఠం మొదలుపెడుతూనే ‘ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే భాషలో) ఇంగ్లిషు పెద్దక్షరమైనా (కాపిటల్) చిన్నక్షరమైనా ఒకటే’ అని చెప్పి ముందుకు సాగిపోవడం తరచుగా కనిపిస్తోంది. సెలెక్ట్, ఫ్రమ్ వంటి ఆదేశ పదాల వరకు ఆ మాట నిజమే గాని, టేబుళ్లకూ (సమాచారాన్ని దాచే పట్టికలకూ), వాటిలోని కాలమ్‌లకూ (నిలువు వరుసలకూ) మనం పెట్టుకునే పేర్ల విషయంలో అది అన్నిచోట్లా చెల్లదు.

ఇటీవల మా ఊళ్లో ఒక పొదుపు సంఘం లెక్కల ప్రోగ్రామును విండోస్ కంప్యూటరు నుంచి లినక్స్ సర్వరుకు మార్చగా, అంతవరకు సాఫీగా నడిచినదే, ‘మెంబర్స్’ అనే టేబులే లేదని మొరాయించింది. టేబుల్ అక్కడే ఉంది. దాన్ని తయారుచేసినప్పుడు మొదటి ‘ఎం’ పెద్దక్షరం, రిపోర్టు తీసే క్వెరీలో (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నలో) చిన్నక్షరం, అంతే తేడా. ఆ ప్రోగ్రాము వాడే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా ఒక్కో టేబుల్‌ను డిస్కు మీద ఒక్కో ఫైలుగా భద్రపరుస్తుంది గనుక, ఫైళ్ల పేర్లలో ఆ తేడాను పట్టించుకునే లినక్స్‌లో అవి రెండు వేర్వేరు పేర్లవుతాయి. అదే మైఎస్‌క్యూఎల్‌లో కాలమ్ పేర్లకు మాత్రం ఎక్కడా ఈ పట్టింపు లేకపోవడం విచిత్రం! టేబుల్ పేర్లన్నిటినీ చిన్నక్షరాలుగా చూసే సెట్టింగు ఒకటుంది గాని, 8.0 వెర్షన్ నుంచి దాన్ని సర్వరును తొలిసారి సిద్ధం చేసేటప్పుడే నిర్ణయించుకోవాలి.

ఇక ఇతర డేటాబేస్ సాఫ్ట్‌వేర్లకు వస్తే, కొటేషన్లు లేకుండా రాసిన పేర్లను ఒరాకిల్ పెద్దక్షరాల్లోకీ, పోస్ట్‌గ్రెస్ చిన్నక్షరాల్లోకీ మార్చుకుంటాయి. ఎస్‌క్యూఎల్ ప్రమాణం చెప్పేది పెద్దక్షరాలనే. పోస్ట్‌గ్రెస్‌లో జంట కొటేషన్లలో పెట్టి పెద్దక్షరాలతో కాలమ్‌కు పేరు పెడితే, ఆ తరువాత ప్రతి క్వెరీలోనూ దాన్ని అచ్చం అలాగే రాయక తప్పదు. టేబుళ్లను తయారుచేసే కొన్ని టూల్స్ మనం అడగకుండానే ఆ కొటేషన్లు తగిలిస్తాయి కూడా.

తెలుగు, ఒడియా లిపుల్లో ఈ భేదమే లేదు. కనుక మన పిల్లలు దాన్ని పైపై అలంకారమనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పేర్లన్నీ చిన్నక్షరాల్లోనే, పదాల మధ్య అండర్‌స్కోరుతో రాయడం తొలి పాఠం నుంచే అలవాటు చేయించాలనీ, విండోస్‌లో చేసిన ప్రాజెక్టును మార్కులు వేసేముందు ఒకసారి లినక్స్‌లో నడిపించి చూడాలనీ శిక్షకులను కోరుతున్నాను. ఉబుంటు అనే లినక్స్ ఉచితంగానే దొరుకుతుంది. ల్యాబులో ఒక పాత కంప్యూటరు అందుకు కేటాయిస్తే చాలు.

— ఒక డేటాబేస్ శిక్షకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా