ధనుర్మాసంలో మన గొంతు వినబడాలి

సంపాదకులకు నమస్కారములు.

ధనుర్మాసం దగ్గర పడుతోంది. డిసెంబరు మధ్య నుంచి భోగి దాకా మా కోనసీమ ఊళ్లలో చాలాచోట్ల తెల్లవారుజామున నాలుగున్నరకే గుడి మైకులో తిరుప్పావై రికార్డు మొదలవుతుంది. గోదాదేవి తమిళంలో పాడిన ఆ ముప్పై పాశురాలంటే, అంటే ఆ పాటలంటే, నాకు ప్రాణం. ముప్పై ఏళ్లుగా ఆ నెల రోజులూ రోజుకొకటి చొప్పున చదువుకుంటున్నాను. అయినా ఆ మైకు గురించే ఈ లేఖ రాయవలసి వస్తోంది.

రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. పండుగలకు ప్రభుత్వం ఇవ్వగల సడలింపు కూడా ఏడాదికి 15 రోజులకు మించదు, అదీ అర్ధరాత్రి వరకే. చట్టం మాట అలా ఉంచితే, నా బాధ వేరు. రికార్డు మోగుతున్నదన్న ధైర్యంతో పాడేవాళ్లు పాడటం మానేశారు. ముప్పై పాశురాల్లో ఒక్కటైనా నోటికి వచ్చిన పిల్లలు మా వీధిలో ఇద్దరు కూడా లేరు.

తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరులో గోదాదేవి పాడిన ఆ పాటల్లో ఏముందో ఒకసారి చూడండి. 6వ పాశురం నుంచి 15వ పాశురం దాకా జరిగేదంతా ఒక అమ్మాయి ఇంటి ముందు తక్కిన అమ్మాయిలు నిలబడి, పేరుపెట్టినంత చనువుగా పిలిచి లేపడమే. గుడి శంఖం మోత అందులో వినిపిస్తుంది, అయినా అమ్మాయిలను లేపేది ఆ శబ్దం కాదు, ఒకరి కోసం ఒకరు గడప దాకా నడిచి వెళ్లడమే. 2వ పాశురంలో వ్రతనియమాలు ఉన్నాయి: నెయ్యీ పాలూ ముట్టకపోవడం, కాటుక, పూలు మానుకోవడం, చేయరాని పని చేయకపోవడం, ఒకరి మీద చాడీలు మోయకపోవడం, అడిగినవారికి లేదనకుండా పెట్టడం. వీటిలో ఏ ఒక్కదానికైనా మైకు కావాలా? ఇవన్నీ వంటింట్లో, వాకిట్లో, ఇరుగుపొరుగుతో మాట్లాడే మాటలో ఆచరించవలసినవి.

ఏ పని చేసినా, ఏది తిన్నా, ఏది ఇచ్చినా నాకు అర్పణగా చేయమని భగవద్గీత 9వ అధ్యాయం 27వ శ్లోకంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు. మా పెద్దవాళ్లు ఆ శ్లోకం చదివారో లేదో నాకు తెలియదు కాని, కళ్లాపి చల్లిన వాకిట్లో బియ్యప్పిండితో ముగ్గు పెట్టి, చీమలకూ పిచ్చుకలకూ అదే మేతగా వదిలేవారు. హరిదాసు తలమీద అక్షయపాత్రతో వీధిలోకి రాగానే పిల్లల చేత దోసెడు బియ్యం పోయించేవారు. పండిన పంటలో మొదటి ముద్ద మనది కాదన్న ఎరుక అలా చేతుల నుంచే మనసుకు ఎక్కేది. ఇప్పుడు సుద్దపొడి ముగ్గులో చీమకు ఏముంది? హరిదాసు వచ్చేసరికి తలుపులు మూసుకుంటున్న ఇళ్లు ఎన్నో.

మైకు లేకపోతే గుడికి ఎవరొస్తారని కమిటీ పెద్దలు అంటున్నారు. మంచాన పడ్డవారికి ఆ పాటే ఊరట అంటున్నారు. ఆ రెండో మాట నిజమే, కాదనను. అలాంటివారి కోసం ఆరు దాటాక, గుడి ఆవరణకే సరిపడే శబ్దంతో పెట్టుకోవచ్చు. అంతకన్నా, ఆ మంచం పక్కన కూర్చుని మనవరాలు ఒక్క పాశురం చదివి వినిపిస్తే ఆ పెద్దప్రాణం ఎంత సంతోషిస్తుందో ఆలోచించండి.

దేవాదాయ శాఖ వారికీ, ఏటా తిరుప్పావై ప్రవచనాలు ఏర్పాటు చేసే తిరుమల తిరుపతి దేవస్థానం వారికీ నా విన్నపం ఒకటే. ప్రవచనాలతో పాటు, పాశురాలు తెలుగు లిపిలో తాత్పర్యంతో ఉన్న చిన్న పుస్తకాలను గ్రామాల గుళ్లకు అందించండి, సాయంత్రాలు పిల్లలకు నేర్పేవారిని ప్రోత్సహించండి. గుడి కమిటీలు ముప్పై ఇళ్లకు ముప్పై రోజులు వంతు వేయవచ్చు. ఆ రోజు పాశురం ఆ ఇంటివారే గుడిలో చదవాలి, ఆ రోజు నైవేద్యం వారిదే కావాలి. మోచేతి వెంట నెయ్యి కారేలా పాలన్నం తినే కూడారై నాడు, అంటే 27వ పాశురం రోజున, అందరి ఇళ్ల పాలూ కలిపి చక్కెరపొంగలి వండవచ్చు.

మా వీధిలో కొన్ని కుటుంబాలవాళ్లం ఈ ఏడాది ఇలాగే చేయాలని మాట అనుకున్నాం. మొదటి రోజు పాశురం మా ఇంటి వంతు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
కోనసీమ జిల్లా